రీఫ్ ట్యాంకులో మాంటిస్ రొయ్య: ఉండనివ్వాలా, రాయితో సహా తీయాలా, బోను పెట్టాలా?

లైవ్ రాక్, అంటే జీవులతో నిండిన సముద్రపు రాయి, తెచ్చి ట్యాంకులో పేర్చినప్పుడు ఆ రాళ్ల కన్నాలలో దాగిన జీవులు కూడా వెంట వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం మేలు చేసేవో, కనీసం కీడు చేయనివో అయి ఉంటాయి గనుక రీఫ్ అక్వేరియం, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి, నడిపేవారు వాటిని పెద్దగా పట్టించుకోరు. ముందుకాళ్లతో ఎరను కొట్టి గాని పొడిచి గాని వేటాడే మాంటిస్ రొయ్య సంగతి వేరు. అది పగడాలను తినదు, నీటిని పాడుచేయదు. కానీ అది ఉన్న ట్యాంకులో నత్తలు, సన్యాసి పీతలు, శుభ్రపరిచే రొయ్యలు, రాతి సందుల్లో నిద్రపోయే చిన్న చేపలు ఒక్కొక్కటిగా మాయమవుతూ ఉంటాయి. దాన్ని మాత్రమే చంపి మిగతావాటిని వదిలే మందు ఏదీ లేదు. రొయ్య, పీత జాతులను చంపే రాగి మందులు పగడాలను, నత్తలను కూడా చంపుతాయి. కాబట్టి మిగిలినవి చేతితో చేసే పనులే: అలాగే ఉండనివ్వడం, రాయితో సహా బయటకు తీయడం, బోనులో పట్టడం, పట్టిన తరువాత వేరుగా పెంచడం లేదా ఇంకొకరికి ఇవ్వడం.

వీటిలో ఏది ఎంచుకోవాలనేది మూడు ప్రశ్నలను బట్టి తేలుతుంది. ఆ జీవి ఏ రకానిది, ఎంత పెరిగేది? మీ ట్యాంకులో దానికి ఆహారం కాగల ప్రాణులు ఏవి? అది ఏ రాతిలో కాపురం ఉందో మీకు కచ్చితంగా తెలుసా, ఆ రాయిని కదిలించగలరా? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి దాని దెబ్బ ఎంత బలమైనదో చదువుతూ కూర్చుంటారు. నా దృష్టిలో మూడో ప్రశ్నకు దొరికే సమాధానమే మిగతా అంతటినీ నిర్ణయిస్తుంది. దాని రాయి తెలిస్తే పని ఒక సాయంత్రంలో ముగియవచ్చు. తెలియకపోతే వారాలు పట్టవచ్చు.

అసలు దోషి అదేనా?

ట్యాంకులోంచి టక్కుమని చప్పుడు వినిపించగానే మాంటిస్ రొయ్య అని తీర్మానించడం తొందరపాటు. పిస్టల్ రొయ్య కూడా లైవ్ రాక్‌లోనే వస్తుంది, అదీ అలాంటి చప్పుడే చేస్తుంది. దానికి ఉన్న రెండు గోళ్లలో ఒకటి మిగతా శరీరానికి పొంతన లేనంత పెద్దదిగా ఉంటుంది. ఆ గోరు మూసుకునే వేగానికి నీటిలో ఒక శూన్యబుడగ పుట్టి, అది పగిలినప్పుడు శబ్దం వస్తుంది. పిస్టల్ రొయ్యల వల్ల రీఫ్ ట్యాంకుకు కలిగే నష్టం తక్కువ. కొన్ని జాతులు గోబీ చేపలతో ఒకే బొరియలో కలిసి జీవిస్తాయి కూడా. వినికిడితో ఈ రెండింటినీ నమ్మకంగా వేరు చేయడం సాధ్యం కాదు కాబట్టి, చప్పుడును అనుమానానికి కారణంగా తీసుకోవచ్చు కానీ రుజువుగా తీసుకోకూడదు.

నత్తలు పోవడానికి కూడా వేరే కారణాలు ఉంటాయి. సన్యాసి పీతలు గుల్ల కోసం నత్తను చంపుతాయి. అప్పుడు గుల్ల చెక్కుచెదరదు, కొద్ది రోజుల్లో అదే గుల్లలో పీత తిరుగుతూ కనిపిస్తుంది. నల్లని గోటి కొసలు, ఒంటినిండా నూగు ఉన్న రాతి పీతలు రాత్రివేళ నత్తలను, నిద్రపోతున్న చేపలను పట్టుకుంటాయి. ఉప్పు సాంద్రత ఒక్కసారిగా మారినా నత్తలు వరుసగా చనిపోతాయి. ఆ కళేబరాలను తింటూ కనిపించిన బ్రిసిల్ పురుగు (ఒంటి పక్కల ముళ్ల వంటి వెంట్రుకలుండే పురుగు) మీద నింద పడుతుంది. చేప మాయమైతే మొదట ట్యాంకు వెనక నేల మీద వెతకాలి, ఎందుకంటే మూత లేని ట్యాంకులోంచి దూకి ఎండిపోయే చేపలు తక్కువేమీ కాదు.

మాంటిస్ రొయ్యను పట్టిచ్చే ఆనవాలు పగిలిన గుల్లలు. అది నత్తను తన కన్నం దగ్గరకు తెచ్చుకుని, గుల్లను అంచు నుంచి ముక్కలు చేసి, మాంసం తిన్నాక ముక్కలను బయటకు నెట్టేస్తుంది. ఒక కన్నం ముందు గుల్ల పెంకులు, పీత కాళ్లు పోగుపడి ఉంటే, ఆ కన్నం నోరు గుండ్రంగా నున్నగా ఉంటే, మీరు దాని గుమ్మం చూస్తున్నట్టే. లోపలి నుంచి కాడల మీద నిలిచిన రెండు కళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా అటూ ఇటూ తిరుగుతుంటే ఇక సందేహం అక్కర్లేదు.

దాన్ని చూడటానికి అర్ధరాత్రి ఎర్ర లైటు వేసుకుని కూర్చోవాలనే సలహా తరచుగా వినిపిస్తుంది. ఇతర పురుగుల విషయంలో అది పనికొచ్చే సలహాయే. అయితే మాంటిస్ రొయ్య కళ్లు సుమారు 300 నుంచి 720 నానోమీటర్ల వరకు, అంటే అతినీలలోహితం మొదలుకొని ముదురు ఎరుపు దాకా, కాంతిని గ్రహిస్తాయి. మీ ఎర్ర లైటు దానికి చీకటి కాదు. పైగా రాళ్లలో వచ్చే గోనోడాక్టిలస్ అనే మాంటిస్ రొయ్యల వర్గపు జాతులలో చాలా భాగం పగటివేళ తిరిగి, చీకటి పడేసరికి గులకలతో, గుల్ల ముక్కలతో తలుపు వేసుకుంటాయి. ఉదయం లైట్లు వెలిగిన మొదటి గంటలోను, సాయంత్రం లైట్లు ఆరే ముందు గంటలోను ట్యాంకుకు కాస్త దూరంగా కదలకుండా కూర్చుంటే, లేదా ఫోను కెమెరాను అనుమానమున్న రాతి మీదకు గురిపెట్టి వదిలేస్తే, ఫలితం మెరుగ్గా ఉంటుంది. పొడవాటి ప్లాస్టిక్ పుల్ల చివర చిన్న రొయ్య ముక్క గుచ్చి కన్నం ముందు ఆడించడం మరింత త్వరగా తేల్చే ఉపాయం.

కొట్టే జాతులు, పొడిచే జాతులు

రొయ్య అని పిలుస్తున్నప్పటికీ ఇది నిజమైన రొయ్యల కుటుంబానికి చెందదు. స్టొమటోపోడా అనే వేరే క్రమానికి చెందిన జీవి. ఈ క్రమంలో 450కి పైగా జాతులను గుర్తించారు. ట్యాంకు యజమాని తెలుసుకోవలసిన తేడా ఒక్కటే: వేటాడే ముందుకాళ్ల ఆకారం. కాలి చివరి కణుపు మడమ దగ్గర ఉబ్బి సుత్తిలా ఉంటే అది కొట్టే జాతి. ఆ కణుపుకు పొడవాటి ముళ్లు వరుసగా ఉంటే అది పొడిచే జాతి. కొట్టేవి గట్టి గుల్లల జీవులను వేటాడుతాయి, రాతి కన్నాలలో ఉంటాయి. పొడిచేవి చేపలు, రొయ్యలు వంటి మెత్తని ఎరను ఆశిస్తాయి, ఎక్కువగా ఇసుకలో బొరియ చేసుకుని మాటు వేస్తాయి.

లైవ్ రాక్‌లో వచ్చేది దాదాపు ఎప్పుడూ కొట్టే జాతే. పశ్చిమ అట్లాంటిక్, మెక్సికో సింధుశాఖ ప్రాంతపు రాళ్లలో నియోగోనోడాక్టిలస్ వెన్నరే, ఇండో పసిఫిక్ రాళ్లలో ముందుకాలి లోపలివైపు ఊదారంగు మచ్చ ఉండే గోనోడాక్టిలస్ స్మితీ వంటివి తగులుతుంటాయి. ఇవి పూర్తిగా పెరిగినా 7 నుంచి 9 సెంటీమీటర్లకు మించవు. 3, 4 సెంటీమీటర్ల దగ్గరే ఎదుగుదల ఆగిపోయే చిన్న జాతులు కూడా ఉన్నాయి. వీడియోలలో కనిపించే రంగురంగుల నెమలి మాంటిస్, అంటే ఓడోంటోడాక్టిలస్ స్కైలారస్, 18 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, కానీ అది రాతి కన్నంలో కాకుండా ఇసుక, రాతిముక్కలలో బొరియ కట్టుకుంటుంది కాబట్టి రాయితో పాటు రావడం అరుదు. అది కొట్టే వేగం సెకనుకు 23 మీటర్ల వరకు ఉంటుందని 2004లో నేచర్ పత్రికలో వెలువడిన కొలతలు చెబుతున్నాయి, ఆ దెబ్బ బలం 1500 న్యూటన్ల దాకా ఉండవచ్చు. మీ రాతిలో ఉన్న నాలుగు సెంటీమీటర్ల జీవికి ఈ అంకెలను అంటగట్టి, ట్యాంకు గాజు పగిలిపోతుందని నిద్ర మానుకోవలసిన పని లేదు. గాజుకు ప్రమాదం అంటూ ఉంటే అది పెద్ద జాతులను పలుచని గాజు తొట్లలో పెంచినప్పుడే.

పొడిచే జాతి అయితే ఎంపిక త్వరగా ముగుస్తుంది. చేపలకు అది చాలా ప్రమాదకరం, రాయిని తీసినా దొరకదు, ఇసుక లోతున ఉంటుంది. ఎర చూపించి, బొరియ నుంచి సగం బయటకు వచ్చిన క్షణంలో వెనక నుంచి పలకతో దారి మూసి, వలతో పట్టడమే దానికి తగిన పద్ధతి. ఇక్కడి నుంచి చెప్పేదంతా కొట్టే జాతుల గురించే.

ఉండనివ్వడం

ఏమీ చేయకపోవడం కూడా ఒక ఎంపికే. పగడాలు, కాస్త పెద్ద చేపలు మాత్రమే ఉన్న ట్యాంకులో మూడు నాలుగు సెంటీమీటర్ల మాంటిస్ రొయ్య యజమానికి తెలియకుండా ఏళ్ల తరబడి బతికిన సందర్భాలు ఉన్నాయి. నీటి మధ్యలో ఈదుతూ, దానికి అందని చోట నిద్రపోయే టాంగ్ వంటి చేపలకు దాని వల్ల ముప్పు తక్కువ. పగడాల విషయంలో అది చేసే నష్టం పరోక్షమైనది: గుమ్మం వెడల్పు చేసుకునేటప్పుడు రాతిని చితక్కొట్టి, అంటించిన చిన్న పగడపు ముక్కలను దొర్లించవచ్చు, లేదా తలుపు మూయడానికి వాటిని లాక్కుపోవచ్చు.

అదే ట్యాంకులో శుభ్రపరిచే రొయ్యలు, పెప్పర్‌మింట్ రొయ్యలు, నేల మీద తిరిగే గోబీలు, బ్లెన్నీలు ఉంటే కలిసి బతకనివ్వాలనే ఆలోచన మానుకోవడం మంచిది. రోజూ రొయ్య ముక్కలు పెడుతూ కడుపు నింపితే అది వేటాడదని కొందరు నమ్ముతారు. తిండి పెడితే వేట తగ్గుతుంది, ఆగదు. తన కన్నం దగ్గరకు వచ్చిన ప్రతిదాన్నీ అది ఆకలితోనే కొట్టదు, ఇల్లు కాపాడుకోవడానికి కూడా కొడుతుంది. ఇంకో ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోవాలి. నత్తలు, పీతలు లేని ట్యాంకులో గాజు మీద, రాళ్ల మీద నాచును గీకే పని మీ మీద పడుతుంది. ఆ పని మీకు భారం కాకపోతే, జాతి చిన్నదైతే, ఈ మార్గాన్ని ఎంచుకున్నందుకు ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. అయితే పరిమాణాన్ని నెలకొకసారి గమనిస్తూ ఉండాలి. ఈరోజు మూడు సెంటీమీటర్లున్నది చిన్న జాతిలో పెద్దదో, పెద్ద జాతిలో పిల్లో అది కుబుసం విడిచి పెరిగితే గాని తెలియదు.

రాయితో సహా బయటకు తీయడం

తీసేయాలని నిర్ణయించుకుంటే అన్నిటికంటే ముందు ఆలోచించవలసిన మార్గం ఇదే. కొట్టే జాతులకు తమ కన్నం మీద ఉండే పట్టుదలే ఇక్కడ మనకు కలిసివచ్చే అంశం. బెదిరిస్తే అవి పారిపోవు, లోపలికి పోతాయి. రాయిని నీళ్లలోంచి ఎత్తినా తరచుగా లోపలే ఉండిపోతాయి. బోను విషయంలో మనం దాన్ని బయటకు రప్పించాలి. రాయి విషయంలో అది లోపల ఉండటమే మనకు కావాలి. అందుకే ఈ రెండో పద్ధతిలో దాని తెలివితేటలకు పెద్దగా పని ఉండదు.

లైట్లు ఆరి, అది తలుపు మూసుకున్న తరువాత పని మొదలుపెట్టడం మేలు. ముందు రోజే రాయి ఏ రాళ్ల మీద ఆనుకుని ఉందో, ఏది తీస్తే ఏది కూలుతుందో చూసుకోవాలి. కన్నాలకు ఒకటికంటే ఎక్కువ ద్వారాలు ఉంటాయి కాబట్టి రాయిని ఎత్తుతున్నప్పుడే దాని కింద నీటిలోనే ఒక వలనో, గిన్నెనో పట్టుకోవాలి. కిందికి జారిపడితే ఇసుకలోకి పోకుండా అందులో పడుతుంది. తీసిన రాయిని ట్యాంకు నీరే పోసిన బకెట్లో పెట్టాలి. ఆ బకెట్లో దాక్కోవడానికి వేరే రాయి గాని, గొట్టం గాని ఉండకూడదు.

తరువాత దాన్ని రాతిలోంచి వెళ్లగొట్టడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి, మూడింటి వల్లా కలిగే నష్టాలు వేర్వేరు. మొదటిది సోడా నీరు. తీపి, రుచి, రంగు ఏవీ కలపని మామూలు సోడాను సిరంజితో కన్నంలోకి నెమ్మదిగా ఎక్కిస్తే, కార్బన్ డయాక్సైడ్ వల్ల లోపలి నీటి పీహెచ్ పడిపోతుంది, ప్రాణవాయువు కొరత ఏర్పడుతుంది. జీవి ఉక్కిరిబిక్కిరై బయటకు వస్తుంది. ప్రభావం ఆ కన్నానికే పరిమితం కాబట్టి రాతి మీద పగడాలు అంటి ఉన్నప్పుడు నేను దీన్నే మొదట సూచిస్తాను. రెండోది ఉప్పు ఎక్కువ చేసిన నీరు. రీఫ్ ట్యాంకులో నీటి సాంద్రత సాధారణంగా 1.025 దగ్గర ఉంటుంది, దాన్ని 1.035 నుంచి 1.040 వరకు పెంచిన బకెట్లో రాయిని కొద్ది నిమిషాలు ముంచితే కన్నాలలోని జీవులు చాలావరకు బయటకు దూకుతాయి. మాంటిస్ రొయ్యతో పాటు మీకు కనిపించని పీతలు, పురుగులు కూడా వస్తాయి కాబట్టి పగడాలు లేని రాయికి ఇది మంచిదే. పగడాలు ఉన్న రాయిని అందులో ముంచకూడదు. మూడోది మంచినీరు. ఇది అన్నిటికంటే సులభం, అన్నిటికంటే నష్టకరం కూడా. రాతి పైపొరలోని సూక్ష్మజీవులు, స్పంజులు, పురుగులు చచ్చి, ఆ రాయిని వెంటనే ట్యాంకులో పెడితే అమ్మోనియా పెరుగుతుంది. మంచినీటిలో ముంచిన రాయిని మళ్లీ కొన్ని వారాలు వేరే బకెట్లో ఉంచి, నీరు మారుస్తూ కుదుటపడనివ్వాలి. అంత ఓపిక ఉన్నవారికి మొదటి రెండు పద్ధతులతోనే పని జరిగిపోతుంది గనుక మంచినీటి అవసరం పెద్దగా రాదు.

ఓర్పున్నవారికి ఇంకొక తీరు ఉంది. బకెట్ మీద ప్లాస్టిక్ జాలీ పెట్టి, రాయిని నీటికి పైన ఉంచి, పగడాలు ఎండకుండా ట్యాంకు నీటితో తడుపుతూ ఉంటే, కన్నంలో నీరు ఇంకిపోయిన తరువాత జీవి తానే కింద ఉన్న నీటిలోకి జారుతుంది. గంటలు పట్టవచ్చు. ఏదీ పనిచేయకపోతే ఉలి, సుత్తితో రాయిని కన్నం వెంట పగలగొట్టడం మిగిలి ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చేయాలి, పగడాలను ముందే చెక్కి వేరు చేసుకోవాలి.

సోడా సిరంజిని ట్యాంకులోపలే వాడవచ్చు కదా అనే ప్రశ్న వస్తుంది. రాయి కదలదని తేలినప్పుడు తప్ప వద్దని నా సలహా. ఒక సిరంజి సోడాతో పెద్ద ట్యాంకు నీరు పాడవుతుందని కాదు. కన్నంలోంచి బయటపడ్డ జీవి పక్క రాతిలోకి దూరిపోతుంది. అది ఎక్కడ ఉందనే ఒక్క సమాచారమే మీ బలం, దాన్ని మీ చేతులతో మీరే పోగొట్టుకున్నట్టు అవుతుంది.

బోను, సీసా, గొట్టం

అడుగున ఉన్న రాయి, లేదా సిమెంటుతో, ఎపాక్సీ జిగురుతో అతికించిన రాళ్ల కట్టడం అయితే ఎత్తడం కుదరదు. ఏ రాతిలో ఉందో తెలియనప్పుడు కూడా అంతే. అప్పుడు బోను తప్పదు.

ఎరను తాకగానే తలుపు పడే ప్లాస్టిక్ బోన్లు అక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి. ఇంట్లో చేసుకోదలిస్తే ప్లాస్టిక్ సీసా మెడ భాగాన్ని కోసి, తలకిందులుగా మళ్లీ సీసాలోకే దూర్చి, లోపల రొయ్య ముక్కనో, ఆల్చిప్ప మాంసాన్నో పెట్టవచ్చు. ఈ రెండింటి మధ్య ఎంచుకోవలసి వస్తే నేను తలుపు పడే బోనునే ఎంచుకుంటాను, ఎందుకంటే సీసా బోను దారి వెతకడం చేతకాని జీవులకు తగినది, మాంటిస్ రొయ్య ఆ కోవలోది కాదు. వచ్చిన దారిని గుర్తుపెట్టుకుని ఎరతో సహా వెళ్లిపోవడం దానికి కష్టం కాదు. సీసాలో పీతలు మాత్రం చక్కగా పడతాయి, అది వేరే సంగతి.

బోను ఏదైనా చిక్కులు ఒకటే. రాత్రంతా పెడితే సన్యాసి పీతలు, బ్రిసిల్ పురుగులు ముందే చేరి ఎర తినేస్తాయి. కాబట్టి మాంటిస్ రొయ్య చురుకుగా తిరిగే ఉదయపు, సాయంత్రపు వేళల్లో, అనుమానమున్న కన్నానికి ఒక జానెడు దూరంలో, రాతిని ఆనుకునేలా బోను పెట్టి, మీరు దగ్గర ఉండి గమనించడం మంచిది. అది బహిరంగంగా ఇసుక దాటి రావడానికి ఇష్టపడదు. గోడ వెంట, రాతి అంచు వెంట నడుస్తుంది. మొదటి కొన్ని రోజులు తలుపు పడకుండా కట్టేసి, లోపల ఎర మాత్రం పెడుతూ ఉంటే దానికి బోను అలవాటవుతుంది. ఒకసారి తలుపు పడి తప్పించుకున్న జీవి మళ్లీ ఆ బోను దగ్గరకు రావడానికి చాలా కాలం తీసుకుంటుంది, కాబట్టి తొందరపడి మొదటి రోజే పరీక్షించడం దండగ.

ఎర కంటే ఇల్లు ఆశగా చూపించే పద్ధతి తక్కువమంది ప్రయత్నిస్తారు, కానీ దాని వెనక ఉన్న తర్కం బలమైనది. ప్రకృతిలో గోనోడాక్టిలస్ జాతులు ఒంటికి సరిపోయే కన్నం కోసం ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. జీవి ఒంటి లావు కంటే కొంచెం వెడల్పు, పొడవుకు రెండింతలు ఉన్న పీవీసీ గొట్టం ముక్కకు ఒక వైపు మూసి, రాళ్ల మొదట్లో సగం ఇసుకలో పాతి ఉంచితే, పెరుగుతున్న జీవి పాత కన్నం ఇరుకైనప్పుడు అందులోకి మారవచ్చు. మారితే రెండో కొసను వేలితో కాకుండా మూతతో మూసి గొట్టాన్ని ఎత్తేయడమే. ఇది ఎప్పుడు జరుగుతుందో చెప్పలేం. బోనుతో పాటు ఉంచవలసినదే గాని దానికి బదులుగా కాదు.

చేయకూడని పనులు

కన్నాన్ని ఎపాక్సీతో పూడ్చేయవద్దు. అది మరో వైపు తొలుచుకుని వస్తుంది, రాకపోతే లోపలే చచ్చి కుళ్లుతుంది. ఇనుప ఊచతో గుచ్చడం కూడా అంతే.

మాంటిస్ రొయ్యను తినే చేపను వేయాలనే ఆలోచన వినడానికి సహజంగా ఉంటుంది. ట్రిగ్గర్ చేపలు, బొంక చేపలు, అష్టపాదులు దాన్ని తినగలవు. కానీ మీరు మాంటిస్ రొయ్య నుంచి కాపాడాలనుకున్న నత్తలను, పీతలను, రొయ్యలను అవి ఇంకా వేగంగా తింటాయి. రాస్ చేపలు మాంటిస్ రొయ్య పిల్లలను పట్టవచ్చేమో గాని పెరిగిన జీవి మీద ఆశ పెట్టుకోకూడదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది రాయిని మరిగించడం, లేదా కన్నంలోకి మరిగే నీరు పోయడం. పాలిథోవా, జోవాంథస్ వంటి పగడ జాతులలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండవచ్చు. ఆ రాళ్లను వేడిచేసినప్పుడు ఆవిరితో పాటు విషం గాలిలో కలిసి కుటుంబాలు మొత్తం ఆసుపత్రి పాలైన ఘటనలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. మాంటిస్ రొయ్య వల్ల మీకు పోయేది కొన్ని నత్తలు. దీని వల్ల పోయేది మనుషుల ప్రాణం కావచ్చు.

చేతుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కన్నంలో వేలు పెట్టకూడదు, తీసిన రాయిని ఒట్టి చేతులతో మోయకూడదు. మందపాటి రబ్బరు చేతి తొడుగులు, పొడవాటి ప్లాస్టిక్ పట్టకారు వాడాలి. దెబ్బ తగిలి చర్మం తెగితే వెంటనే శుభ్రమైన నీటితో, సబ్బుతో కడగాలి. ఉప్పునీటి ట్యాంకులలో ఉండే కొన్ని బాక్టీరియాల వల్ల గాయం మానకుండా ముదిరే అవకాశం ఉంది గనుక ఎరుపు, వాపు, జ్వరం కనిపిస్తే వైద్యునికి ట్యాంకు సంగతి చెప్పి చూపించుకోవాలి.

పట్టిన తరువాత

బకెట్లో పడ్డ జీవిని చూశాక చాలామంది మనసు మారుతుంది, అందులో ఆశ్చర్యం లేదు. ఇంత తెలివిగా, ఇంత కుతూహలంగా మనిషి వైపు చూసే జీవి రీఫ్ ట్యాంకులో మరొకటి అరుదు. విడిగా పెంచదలిస్తే చిన్న జాతికి 30, 40 లీటర్ల తొట్టి చాలు. ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్, సాంద్రత 1.025 దగ్గర, చిన్న ఫిల్టరు, బిగుతైన మూత, ఒంటికి సరిపోయే కన్నమున్న రాయి లేదా గొట్టం ఉంటే సరిపోతుంది. ప్రకాశవంతమైన లైటు అక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు రొయ్య ముక్క, మధ్యమధ్య గుల్లతో ఉన్న నత్త లేదా చిన్న పీత పెట్టాలి. గుల్ల పగలగొట్టే పని దానికి వ్యాయామం. కుబుసం విడిచే రోజులలో తలుపు మూసుకుని తిండి ముట్టదు, అప్పుడు రాయిని కదిలించి బతికి ఉందో లేదో చూడటం మానుకోవాలి. తొట్టి ఎప్పుడూ రాగి మందులు వాడనిదై ఉండాలి.

రెండో తొట్టికి చోటు లేనివారు ప్రధాన ట్యాంకు నీరే తిరిగే పక్క తొట్లలో, అంటే సంప్‌లో గాని, రెఫ్యూజియంలో గాని ఉంచుతారు. నీరు అదే కాబట్టి అదనపు నిర్వహణ లేదు. ఈ సౌకర్యం వల్ల నేను దీన్ని తాత్కాలిక బసగా బాగానే సమర్థిస్తాను. శాశ్వత నివాసంగా మాత్రం రెండు జాగ్రత్తలు కావాలి. గాజు హీటరును ప్లాస్టిక్ కవచంలో పెట్టాలి, పంపు నోటికి జాలీ బిగించాలి. రెఫ్యూజియంను చేపల ఆహారం కోసం చిన్న జీవులను పెంచడానికి వాడుతున్నట్టయితే అందులో పీతలు, నత్తలు మిగలవని తెలిసి ఉండాలి.

పెంచే ఉద్దేశం లేకపోతే అక్వేరియం దుకాణానికో, ఈ జీవులను ఇష్టంగా పెంచేవారికో ఇవ్వవచ్చు. అడిగితే తీసుకునేవారు మీరనుకున్న దానికంటే ఎక్కువమందే ఉంటారు. పలుచని ప్లాస్టిక్ సంచిలో పంపకుండా గట్టి డబ్బాలో, ఒక గొట్టం ముక్కతో పాటు పంపాలి.

సముద్రంలో వదలడం మాత్రం దయ కాదు. లైవ్ రాక్ ఏ సముద్రం నుంచి వచ్చిందో ఆ సముద్రం మీ దగ్గరిది కాకపోవచ్చు. హవాయి దీవులలో బయటి నుంచి చేరిన గోనోడాక్టిలేసియస్ ఫాల్కేటస్ అనే మాంటిస్ రొయ్య, అక్కడి పగడపు రాతిముక్కలలో అప్పటిదాకా ఉంటున్న సూడోస్క్విల్లా సిలియేటాను ఆ నివాసాల నుంచి వెళ్లగొట్టింది. ఈ మార్పును 1960లలోనే శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఎవరికీ ఇవ్వలేని పరిస్థితిలో చంపక తప్పకపోతే, ఉప్పునీటితో చేసిన మంచు ముద్దలో ఉంచి పూర్తిగా మొద్దుబారి కదలిక ఆగేదాకా ఆగాలి. మంచినీటిలో వేయడం, గాలిలో ఎండనివ్వడం దీర్ఘమైన హింస. అయితే రాయితో సహా తీయగలిగిన వ్యక్తికి ఈ అవసరం దాదాపు రాదు.

తిరిగి నత్తలను వేసే ముందు

ఒకటి దొరికింది కాబట్టి పని అయిపోయిందనుకోవద్దు. ఒకే రాతిలో రెండు కాపురం ఉండటం అరుదే గాని, ఒకే చోటి నుంచి తెచ్చిన రాళ్ల గుట్టలో వేర్వేరు రాళ్లలో ఒక్కొక్కటి ఉండటం సాధ్యమే. ఖరీదైన రొయ్యలను వెంటనే వేయకుండా, నాలుగైదు నత్తలను మాత్రమే వేసి కొన్ని వారాలు లెక్క చూసుకోవాలి. గుల్లలు పగలకుండా, పెంకుల పోగు ఎక్కడా కనిపించకుండా ఉంటే శుభ్రపరిచే రొయ్యలను వేయవచ్చు. చప్పుడు మాత్రం కొనసాగుతూ నత్తల లెక్క తగ్గకపోతే ఆ శబ్దం పిస్టల్ రొయ్యదే అయి ఉండే అవకాశం ఎక్కువ, దాన్ని దాని మానాన వదిలేయవచ్చు.

ఇకమీదట తెచ్చే రాళ్లను నేరుగా ట్యాంకులో పెట్టకుండా, హీటరు, పంపు ఉన్న వేరే తొట్టిలో కొన్ని వారాలు ఉంచి, పగడాలు లేనివాటిని పైన చెప్పిన ఉప్పు ఎక్కువ చేసిన నీటిలో ఒకసారి ముంచి తీస్తే ఈ తతంగంలో సగానికి పైగా తప్పుతుంది. పగడపు ముక్కలు అంటి ఉన్న చిన్న రాతి దిమ్మలను కూడా వదిలిపెట్టవద్దు. రెండు సెంటీమీటర్ల మాంటిస్ రొయ్యకు ఆ దిమ్మ కిందివైపు ఉన్న కన్నం చాలు.